మీరు రాయించుకునే రాజీనామాలకు జవాబుదారు ఎవరు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ప్రైవేటు, కార్పొరేటు ఆసుపత్రుల యాజమాన్యాలకు, హెచ్ఆర్ విభాగాల పెద్దలకు, నర్సింగ్ సూపరింటెండెంట్లకు,

అయ్యా, అమ్మా,

ఒక నర్సును ఉద్యోగంలోంచి తీసెయ్యాలని మీరు నిర్ణయించుకుంటారు. నిర్ణయం మీది, కారణం మీది, తేదీ కూడా మీదే. కాగితం మాత్రం ఆమె చేత రాయిస్తారు. వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నానని, ఇన్నాళ్లు అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలని ఆమె దస్తూరీతోనే రాసి సంతకం పెట్టేదాకా హెచ్ఆర్ గదిలోంచి కదలనివ్వరు. రాయనంటే టెర్మినేషన్ లెటర్ చేతిలో పెడతామంటారు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ రాదంటారు. ఈ ఊళ్లో ఇంకే ఆసుపత్రిలోనూ చేరలేవంటారు. ఈ పద్ధతిని నేను ఒప్పుకోలేను. ఎందుకు ఒప్పుకోలేనో చాటుగా కాకుండా అందరి ముందూ మీకు చెప్పాలనే ఈ లేఖ.

నేను నర్సింగ్ ట్యూటర్‌గా చేసి రిటైరయ్యాను. నా దగ్గర జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్ చదివిన పిల్లలు ఇవాళ మీ ఐసీయూల్లో, డయాలసిస్ యూనిట్లలో, లేబర్ రూముల్లో ఉన్నారు. పెళ్లి కుదిరితే ఫోన్ చేస్తారు, పిల్లాడు పుడితే ఫోన్ చేస్తారు. ఈమధ్య మరో రకం ఫోన్లు ఎక్కువయ్యాయి. ‘మేడం, సాయంత్రం అయిదు లోపల రిజైన్ చెయ్యమంటున్నారు. చెయ్యకపోతే వాళ్లే తీసేస్తారట. నేనే రాసిచ్చెయ్యనా, వాళ్లు తీసేసేదాకా ఉండనా?’ గొంతు వణుకుతూ ఉంటుంది. చుట్టూ ఎవరో నిలబడి వింటున్నారని మాటల్లోనే తెలిసిపోతుంది. నాలుగేళ్లు చదివి, రిజిస్ట్రేషన్ తెచ్చుకుని, రాత్రింబవళ్లు మీ రోగుల్ని కనిపెట్టుకున్న పిల్ల తన బతుకుతెరువు గురించి నిర్ణయం తీసుకోవడానికి మీరిచ్చే గడువు ఒక పూటేనా? మీ క్యాంటీన్ కాంట్రాక్టరును మార్చాలన్నా నెల ముందు నోటీసు ఇస్తారు కదా?

ఒక సంగతి మీ ముందు పెడతాను. ఆసుపత్రి పేరు చెప్పను. పేరు చెబితే మిగతావాళ్లంతా అది తమది కాదని ఊపిరి పీల్చుకుంటారు.

పదహారు పడకల మెడికల్ వార్డు. నైట్ డ్యూటీకి ఇద్దరు నర్సులు. రాత్రి పదకొండు దాటాక ఐసీయూలో మనిషి తక్కువయ్యారని ఒకరిని అక్కడికి పంపేశారు. మిగిలింది నా స్టూడెంటు ఒక్కతే. ఆ వార్డులో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉన్నారు. ఒకరిది మూడో బెడ్, ఒకరిది ఏడో బెడ్, ఇద్దరికీ అరవై దాటాయి. మధ్యాహ్నం ఏడో బెడ్ ఆయన్ని స్కానింగ్‌కి తీసుకెళ్లి తెచ్చాక ఖాళీగా ఉందని అయిదో బెడ్ మీద పడుకోబెట్టారు. కేస్ షీటులో బెడ్ నంబరు మార్చలేదు. చేతికి కట్టే ఐడీ బ్యాండ్ ప్రింటర్ అప్పటికి నాలుగు రోజులుగా పని చెయ్యడం లేదు. దాని గురించి వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్ రాసిన ఇండెంటు స్టోర్సులో పడి ఉంది. తెల్లవారుజామున నాలుగు గంటల యాంటీబయాటిక్ ఒక వెంకటేశ్వర్లుకు ఇవ్వాల్సింది ఇంకో వెంకటేశ్వర్లుకు వెళ్లింది. సగం మందు పోయేలోపే ఆ పిల్లకు అనుమానం వచ్చి డ్రిప్ ఆపేసింది. డ్యూటీ డాక్టరును లేపింది. బీపీ, పల్స్, ఒంటి మీద దద్దుర్లు ఏమైనా వస్తున్నాయా అని గంటసేపు మంచం పక్కనే నిలబడి చూసింది. రోగికి ఏమీ కాలేదు. తెల్లారాక ఎవరూ అడక్కుండానే ఇన్సిడెంట్ రిపోర్టు రాసి సూపర్‌వైజరుకు ఇచ్చింది.

నేను క్లాసులో నేర్పింది అదే. పొరపాటు జరిగిందని తెలిసిన క్షణాన రోగిని చూడు, డాక్టరుకు చెప్పు, కాగితం మీద పెట్టు. నేర్పింది నేర్పినట్టు చేసిన పిల్లను మర్నాడు మధ్యాహ్నం నిద్రలోంచి లేపి పిలిపించారు. టైపు చేసి ఉంచిన రాజీనామా మాదిరి చూపించి అలాగే రాయమన్నారు. రాసిచ్చింది. ఏం చేస్తుంది? నాన్న ప్రకాశం జిల్లాలో కౌలు రైతు, తమ్ముడు ఇంకా చదువుకుంటున్నాడు.

ఇప్పుడు చెప్పండి. ఆ రాజీనామా పత్రంలో ఇద్దరు వెంకటేశ్వర్లు ఎక్కడున్నారు? ప్రింటర్ ఎక్కడుంది? పదకొండు దాటాక ఐసీయూకు పంపిన రెండో నర్సు ఎక్కడుంది? ఒకమ్మాయి సొంత పనుల మీద ఉద్యోగం మానేసిందని మీ ఫైలు చెబుతుంది. ఆ రాత్రి వార్డులో ఏం జరిగిందో చెప్పగలిగిన ఒక్క మనిషీ గేటు దాటి వెళ్లిపోయింది. ఆ ప్రింటర్ ఆ తర్వాత కూడా వారం పాటు పని చెయ్యలేదని నాకు తెలిసింది. ఆ వార్డులోకి రేపు వచ్చే రోగికి మీరు చేసిన న్యాయం ఏమిటి?

రాజీనామా రాయించుకోవడం నర్సుల సమస్య, యూనియన్ల గొడవ అనుకునేవారు మీలో ఉన్నారు. నేను ఈ లేఖ నర్సుల కోసమే రాయడం లేదు. మంచం మీద పడుకున్న మనిషి కోసం రాస్తున్నాను. పొరపాటు ఒప్పుకున్న సిస్టర్‌ని మర్నాటికల్లా ఇంటికి పంపారన్న కబురు ఆ వార్డుతో ఆగదు. చేంజింగ్ రూముకు, హాస్టలుకు, వాట్సాప్ గ్రూపులకు పాకుతుంది. మరుసటి నెల అలాంటిదే ఇంకొకటి జరుగుతుంది. ఆ నర్సు డ్రిప్ ఆపేసి బాటిల్ మార్చేసి ఊరుకుంటుంది. డాక్టరును లేపదు, కాగితం రాయదు. ఈసారి రోగికి అలర్జీ వస్తే కారణం ఎవరికీ తెలియదు. మీ క్వాలిటీ మీటింగులో ‘ఈ నెల ఇన్సిడెంట్లు సున్నా’ అని స్లయిడు వేస్తారు. ఆ సున్నాకు ఏ వార్డులో ఎవరు మూల్యం చెల్లించారో ఆ గదిలో ఒక్కరికైనా తెలుసా?

అమెరికాలో నాష్‌విల్ నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో 2017 డిసెంబరులో ఒక నర్సు మత్తు మందు ఇవ్వాల్సిన చోట కండరాలను స్తంభింపజేసే మందు ఇచ్చింది. రోగి చనిపోయారు. నెల తిరగకుండా నర్సును ఉద్యోగంలోంచి తీసేశారు. మందు పొరపాటు జరిగిందన్న సంగతి మాత్రం నియంత్రణ సంస్థలకు చెప్పలేదు. దాదాపు ఏడాది తర్వాత పేరు చెప్పని ఒకరు సమాచారం ఇస్తే, తనిఖీ అధికారులు చెప్పాపెట్టకుండా వచ్చి చూస్తే లోకానికి తెలిసింది. 2022లో ఆ నర్సుకు కోర్టు శిక్ష వేసినప్పుడు, ఇలా అయితే ఇకపై పొరపాట్లు బయటికి చెప్పడానికి నర్సులు జంకుతారని అక్కడి నర్సుల సంఘం హెచ్చరించింది. ఆ నర్సు నిర్లక్ష్యాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. మనిషిని పంపేస్తే లోపం కూడా ఆ మనిషితో పాటే పోతుందనే నమ్మకం ఎంత ప్రమాదమో అక్కడ రుజువైంది. మన దగ్గర అంతదాకా కూడా రాదు. రాజీనామా పత్రం ఉండగా ఏ తనిఖీ అధికారి ఏమని అడుగుతాడు?

ఇక చట్టం సంగతి. మీ దగ్గర లాయర్లున్నారు, మీకు తెలియనిది నేను చెప్పబోవడం లేదు. పాఠకులకు తెలియాలి కాబట్టి చెబుతాను. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన ఉద్యోగిని రిట్రెంచ్‌మెంట్ కింద తొలగించాలంటే నెల నోటీసో నెల జీతమో ఇవ్వాలి, పైగా పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకూ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా కట్టాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ లెక్కే కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. తప్పు చేసిందని తీసేస్తే ఏం తప్పో రాతపూర్వకంగా చెప్పాలి, సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరపాలి, ఆమె వైపు సాక్షుల్ని వినాలి. విచారణ పెడితే రోస్టరు బయటికి వస్తుంది, ఇండెంటు బయటికి వస్తుంది, ఆ రాత్రి డ్యూటీలో ఎవరెవరు ఉన్నారో రికార్డుకెక్కుతుంది. తనంతట తానే మానేస్తే ఇవేవీ అక్కర్లేదు. పరిహారం లేదు, విచారణ లేదు, లేబర్ కోర్టు లేదు. అయిదేళ్లు నిండకముందే పంపితే చాలా సందర్భాల్లో గ్రాట్యుటీ కూడా మీకు మిగులుతుంది. టెర్మినేట్ చేస్తే కెరీర్ పాడవుతుంది, నీ మంచికే చెబుతున్నాం, గౌరవంగా వెళ్లిపో అని హెచ్ఆర్ గదిలో మీరు అనునయంగా చెప్పే మాటలు ఎవరి మంచికో ఇప్పుడు పాఠకులే తేల్చుకుంటారు.

బెదిరించి తీసుకున్న రాజీనామా రాజీనామా కాదని, దాన్ని తొలగింపుగానే చూడాలని కోర్టులు అనేక సందర్భాల్లో చెప్పాయి. కానీ బెదిరించారని రుజువు చెయ్యాల్సిన బరువు ఆ పిల్ల మీదే పడుతుంది. గదిలో ఉన్నవాళ్లంతా మీ మనుషులు. ఫోను బయటే పెట్టమంటారు. ఏ సాక్షిని తెస్తుంది?

గర్భిణుల విషయం ఇంకా ఘోరం. అయిదో నెలలో ఉన్న నర్సును పిలిచి ‘ఇప్పటికి రిజైన్ చెయ్యమ్మా, డెలివరీ అయ్యాక వస్తే మళ్లీ తీసుకుంటాం’ అంటారు. గడిచిన పన్నెండు నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు, ప్రసూతి సెలవుకు ఆమె అర్హురాలు. ప్రసూతి చట్టానికి 2017లో చేసిన సవరణ తర్వాత మొదటి ఇద్దరు పిల్లలకు ఆ సెలవు 26 వారాలు, పూర్తి వేతనంతో. ఆ సెలవులో ఉండగా ఉద్యోగంలోంచి తీసెయ్యడం 1961 నాటి ఆ చట్టం వచ్చినప్పటి నుంచీ నేరమే. మీ లేబర్ రూములో పదిమంది తల్లులకు కాన్పు చేయించిన చేతులవి. ఆమెకు కాన్పు వచ్చేసరికి మీ సంస్థకు ఆమె అక్కర్లేకుండా పోయిందా? మళ్లీ తీసుకుంటామన్నవాళ్లు కొత్త అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తారు, కొత్త జీతం, కొత్త ప్రొబేషన్. పాత సర్వీసు గాలిలో కలిసిపోతుంది. ఇది మీరు మాట నిలబెట్టుకున్న సందర్భాల్లో. నిలబెట్టుకోని సందర్భాలే నాకు ఎక్కువ తెలుసు.

మీ చేతిలో ఉన్న అసలు ఆయుధం ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్. నర్సుకు ఆ కాగితం విలువ ఏమిటో బయటివారికి అంతగా తెలియదు. గల్ఫ్ దేశాల్లో లైసెన్సుకు దరఖాస్తు చేస్తే ఎక్కడ ఎన్నేళ్లు పనిచేశారో నేరుగా ఆ ఆసుపత్రినే అడిగి సరిచూసుకుంటారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ వెళ్లాలని భాష నేర్చుకుంటున్న పిల్లలున్నారు. ఎక్కడికి పోవాలన్నా వెనకటి ఆసుపత్రి ఒక్క ఈమెయిలుకు జవాబివ్వకపోతే ఫైలు ఆగిపోతుంది. రెండేళ్ల కష్టాన్ని జరగనట్టు చేసే అధికారం మీకెవరిచ్చారు? ఆమె చేసిన నైట్ డ్యూటీలు చేసినవే కదా? ఆమె చేతుల మీదుగా ఇళ్లకు వెళ్లిన రోగులు వెళ్లినవాళ్లే కదా? చేరిన తేదీ, మానిన తేదీ, హోదా రాసి ఇవ్వడం మీరు చూపించే దయ కాదు, అది జరిగినదానికి రికార్డు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని, బాండ్లు రాయించుకుని నర్సులను కట్టిపడేసిన రోజులు ఈ దేశం చూసింది. 2011లో ముంబయిలో కేరళకు చెందిన ఒక యువ నర్సు ప్రాణం తీసుకున్నాక ఢిల్లీ, కోల్‌కతా, కేరళల్లో నర్సులు రోడ్డెక్కారు. ఆ తర్వాత బాండ్లు చాలా చోట్ల తగ్గాయి. ఆ స్థానంలోకి ఈ కొత్త పద్ధతి వచ్చింది. అప్పుడు వెళ్లనిచ్చేవారు కాదు, ఇప్పుడు మీకు కావలసినప్పుడు వెళ్లగొడుతున్నారు. రెండింటికీ తాళం మీ చేతిలోని కాగితమే.

మరి రాసిచ్చెయ్యనా, వాళ్లు తీసేసేదాకా ఉండనా అని నా పిల్లలు అడిగే ప్రశ్నకు నేనేం చెబుతున్నాను? మీరూ తెలుసుకోవాలి. ఎందుకంటే ఆ గదిలో మీ ఎదురుగా కూర్చునే పిల్ల ఇకమీదట ఈ మాటలు విని వస్తుంది.

ఆ రోజే సంతకం పెట్టొద్దని చెబుతున్నాను. ‘ఇంట్లో అడిగి రేపు చెబుతాను’ అని లేచి వచ్చెయ్యమంటున్నాను. గదిలోంచి లేచి రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. బయటికి రాగానే, ఏ తేదీన ఎన్ని గంటలకు ఎవరు ఏమన్నారో సొంత ఈమెయిలు నుంచి హెచ్ఆర్‌కు, సూపరింటెండెంటుకు రాసి పంపమంటున్నాను. కోపం వద్దు, ఆరోపణ వద్దు, జరిగింది జరిగినట్టు. అపాయింట్‌మెంట్ లెటర్, జీతం స్లిప్పులు, డ్యూటీ రోస్టరు ఫొటోలు, రోగి పేరు లేకుండా ఇన్సిడెంట్ రిపోర్టు కాపీ దగ్గర పెట్టుకోమంటున్నాను. రోగి పేరు, కేస్ షీటు మాత్రం ఫొటో తియ్యొద్దని గట్టిగా చెబుతున్నాను, అది రోగి గోప్యత.

ఆ తర్వాత నిర్ణయం ఆమెది. అందరికీ ఒకే సలహా ఇవ్వలేకపోతున్నానని బాధగా ఉంటుంది. తప్పు చెయ్యలేదన్న ధైర్యం ఉండి, ఇంట్లో రెండు నెలలు నెట్టుకురాగలిగితే, రాయకు, వాళ్లనే రాయనీ అంటాను. ఛార్జిషీటు ఇవ్వనీ, విచారణ పెట్టనీ, రోస్టరు బయటికి రానీ. నిజం చెప్పాలంటే అక్కడిదాకా వచ్చిన చోట వెనక్కి తగ్గిన యాజమాన్యాలున్నాయి, కాగితం మీద రాసే కారణం వాళ్ల దగ్గర లేదు కాబట్టి. వీసా చేతికొచ్చి ఉన్నా, ఒంటరి తల్లి అయినా, నెల జీతం ఆగితే ఇంటి అద్దె ఆగిపోయే పరిస్థితి అయినా రాజీనామాయే చెయ్యమంటాను. ఆ కాగితం మీద అబద్ధం రాయొద్దంటాను. ‘యాజమాన్యం కోరినందువల్ల’ అని ఒక్క మాట చేర్చమంటాను. రిలీవింగ్ లెటరు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టు, నోటీసు జీతం ఎప్పటిలోగా ఇస్తారో రాతపూర్వకంగా తీసుకున్నాకే సంతకం అంటాను. అలా రాస్తే తీసుకోబోమని మీరు కాగితం విసిరికొడతారని తెలుసు. విసిరికొడితే ఆ సంగతీ ఈమెయిలులో రాయమంటాను.

ఇక వెళ్లేటప్పుడు రావలసిన జీతం సంగతి. 2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగిని తీసేసినా, తానే రాజీనామా చేసినా రావలసిన వేతనం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి. నలభై అయిదు రోజుల తర్వాత వచ్చి ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ తీసుకోమని చెప్పే అలవాటు మీరు మానుకున్నారా?

పోరాడే స్తోమత నర్సుకు ఎందుకు లేదో కూడా మీకే బాగా తెలుసు, జీతాలు నిర్ణయించేది మీరే. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల దుస్థితి మీద సుప్రీంకోర్టు 2016 జనవరిలో కమిటీ వెయ్యమంటే కేంద్రం వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రుల్లో అదే స్థాయి ప్రభుత్వ నర్సుతో సమానంగా జీతం ఇవ్వాలని, 100 దాటితే పది శాతానికి మించి తగ్గకూడదని, 50 నుంచి 100 దాకా అయితే పాతిక శాతానికి మించి తగ్గకూడదని, 50 లోపు పడకలున్న చిన్న నర్సింగ్ హోములో అయినా నెలకు 20,000 రూపాయలకు తగ్గొద్దని ఆ కమిటీ సిఫార్సు చేసింది. కేరళ ప్రభుత్వం 2018లో ఆ ఇరవై వేలనే కనీస వేతనంగా నోటిఫై చేసింది. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పటికీ అంతకన్నా తక్కువకు పనిచేస్తున్న నర్సులు నాకు తెలుసు. భారతీయ నర్సింగ్ మండలి లెక్క ప్రకారం మామూలు వార్డులో అయిదుగురు రోగులకు ఒక నర్సు ఉండాలి, బోధనాసుపత్రిలో ముగ్గురికి ఒకరు, ఐసీయూలో ప్రతి మంచానికీ ఒకరు. పదహారు పడకలకు ఒక్కతిని వదిలింది ఎవరు? ఆ రోస్టరు మీద సంతకం పెట్టినవారికి మెమో వచ్చిందా?

నర్సింగ్ సూపరింటెండెంట్లూ, మీతో వేరుగా ఒక మాట. మీలో కొందరు నా సహాధ్యాయులు. ఆ గదిలో మీరూ కూర్చుంటున్నారని పిల్లలు చెబుతున్నారు. నర్సు వృత్తిలో తప్పు చేసిందా లేదా అని తేల్చడానికి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ ఉంది. 2023లో వచ్చిన జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం ఆ పనిని రాష్ట్ర కమిషన్ల చేతిలో పెట్టింది. నిజంగా ప్రమాదకరంగా పనిచేసే నర్సు మీ దగ్గర ఉంటే చెయ్యాల్సింది కౌన్సిలుకు రాయడం. మీరు చేస్తున్నదేమిటి? ఆమె చేత రాజీనామా రాయించుకుని, ఏ మచ్చా లేని సర్టిఫికెట్ ఇచ్చి పక్క ఆసుపత్రికి పంపిస్తున్నారు. అంటే తప్పు చెయ్యని పిల్లకు అన్యాయం జరుగుతోంది, తప్పు చేసినదాన్ని పట్టుకునే దారీ మూసుకుపోతోంది. ఏ లెక్కన చూసినా రోగికే నష్టం. మీ పేరు వెనక ఉన్న ఆర్ఎన్ అక్షరాలు హెచ్ఆర్ మేనేజరు పేరు వెనక లేవు. వార్డులో ఏం జరిగిందో అర్థం చేసుకోగలిగినవారు ఆ గదిలో మీరొక్కరే. మీరూ మాట్లాడకపోతే ఆ పిల్ల తరఫున ఎవరు మాట్లాడతారు?

ప్రజలకు ఇందులో ఏం పని అని అడిగే హక్కు మీకు లేదు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి మీ పడకల మీద పడుకున్న ఎందరో పేదల బిల్లు కట్టింది జనం డబ్బుతో ప్రభుత్వమే. తెలంగాణలో 2023 డిసెంబరులో ఆ పథకం కింద చికిత్స పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో అదే పథకం ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. ఆ డబ్బుతో నడిచే వార్డులో ఎంతమంది నర్సులున్నారు, ఎంతమంది ఏడాదిలో మానేశారు, ఎందుకు మానేశారు అని అడగడం రోగి హక్కు, వాళ్లింటివాళ్ల హక్కు. మీ రిసెప్షన్ గోడ మీద వేలాడదీసిన ఎన్ఏబీహెచ్ నాణ్యతా సర్టిఫికెట్ కూడా క్రమశిక్షణ చర్యలకు, ఫిర్యాదుల పరిష్కారానికి రాతపూర్వకమైన పద్ధతి ఉండాలనే చెబుతోంది. పొరపాట్లు నివేదించే వ్యవస్థ ఉండాలనీ చెబుతోంది. ఆ పద్ధతి కాగితం మీ వార్డు నర్సుల్లో ఎంతమంది కళ్లతో చూశారు?

కోవిడ్ రోజుల్లో, 2020 మే 3న వాయుసేన హైదరాబాదు గాంధీ ఆసుపత్రి మీద ఆకాశంలోంచి పూలు చల్లింది. ఆ ఏడాదిని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సులు, మిడ్‌వైఫ్‌ల సంవత్సరంగా ప్రకటించింది. పీపీఈ కిట్లలో గంటల తరబడి నీళ్లు కూడా తాగకుండా పనిచేసిన పిల్లలు నాకు తెలుసు. వాళ్లలో కొందరి చేత రెండో వేవ్ తగ్గి పడకలు ఖాళీ అవ్వగానే మీరు రాజీనామాలు రాయించుకున్నారు. వ్యాపారం తగ్గితే మనుషుల్ని తగ్గించుకోవాల్సి రావచ్చు. ఆ ఇబ్బందిని నేను కాదనను. చిన్న ఆసుపత్రులు నడపడం ఎంత కష్టమో దగ్గర నుంచి చూశాను. అలాంటప్పుడు ఆ మాటే చెప్పి, నోటీసు ఇచ్చి, పరిహారం ఇచ్చి, మంచి సర్టిఫికెట్ రాసిచ్చి పంపండి. పడకలు నిండాక మొదటి ఫోను వాళ్లకే చెయ్యండి. ఒక ఊళ్లో ఒక నర్సింగ్ హోము డాక్టరమ్మ అలాగే చేశారు. పంపేసినవాళ్లలో చాలామంది ఏడాది తిరక్కుండా ఆమె దగ్గరికే తిరిగొచ్చారు.

మీ నుంచి నేను కోరేది పెద్దదేమీ కాదు. గత ఏడాది మీ ఆసుపత్రి నుంచి రాజీనామా చేసిన నర్సుల ఫైళ్లన్నీ ఒకసారి మీ బల్ల మీదికి తెప్పించుకోండి. హెచ్ఆర్ చెప్పే సారాంశం వద్దు, ఫైళ్లే చూడండి. ఒకే వాక్యం, ఒకే వరస ఎన్నింటిలో ఉందో చూడండి. ఆ తేదీకి ముందు వారం రోజుల్లో ఆ వార్డులో ఇన్సిడెంట్ రిపోర్టు ఏదైనా ఉందా, ప్రసూతి సెలవు దరఖాస్తు ఏదైనా ఉందా, పలుకుబడి ఉన్న రోగి బంధువుల ఫిర్యాదు ఏదైనా ఉందా అని పక్కన పెట్టి చూడండి. ఆ నర్సులకు మీరే ఫోన్ చేసి ఎందుకు మానేశారో అడగండి. ఇకమీదట ఏ నర్సు దగ్గరైనా రాజీనామా తీసుకుంటే, వెనక్కి తీసుకోవడానికి కనీసం వారం గడువు ఇస్తామని, గదిలో ఆమె తరఫున ఒక సహోద్యోగి కూర్చోవచ్చని, కారణం ఏదైనా సరే చేసిన సర్వీసుకు సర్టిఫికెట్ ఆపబోమని మీ నోటీసు బోర్డు మీద తెలుగులో రాసి పెట్టండి.

పెట్టినవారు నాకు రాయండి. ఆ ఆసుపత్రుల పేర్లు నా విద్యార్థులకు నేనే చెబుతాను. ఈ ఏడాది పాసై బయటికి వస్తున్న పిల్లలు ఎక్కడ చేరాలని అడుగుతున్నారు.

ఇట్లు,
విశ్రాంత నర్సింగ్ ట్యూటర్,
గుంటూరు